‘ఎక్కువ రిస్క్’ ఉన్న దాత కిడ్నీని ఒప్పుకోవచ్చా? మా ఇంటి అనుభవం

మీ మామగారు న్యూజెర్సీలో మూడేళ్లుగా డయాలసిస్ మీద ఉన్నారనీ, ఇన్ఫెక్షన్ రిస్క్ ఉన్న దాత నుంచి కిడ్నీ వస్తే తీసుకుంటారా అని ఆసుపత్రివారు ముందుగానే అడిగారనీ, ఇంట్లో అందరూ వద్దంటున్నారనీ రాశారు. పెన్సిల్వేనియాలో ఉండే మాకు ఇదే ప్రశ్న రెండుసార్లు ఎదురైంది. మొదటిసారి వద్దన్నాము, రెండోసారి ఒప్పుకున్నాము. నేను డాక్టరును కాను కాబట్టి, మా అనుభవాన్నీ, ఆ తర్వాత శ్రద్ధగా చదివి తెలుసుకున్న విషయాలనీ మాత్రమే చెబుతాను.

మావారిది బి గ్రూపు రక్తం. మన దేశంలో చాలామందికి ఉండే ఈ గ్రూపు అమెరికాలోని దాతల్లో తక్కువ కాబట్టి ఎదురుచూపు ఎక్కువ. డయాలసిస్ మొదలైన నాలుగో ఏడాదిలో ఒక రాత్రి కోఆర్డినేటర్ ఫోన్ చేసి, దాతకు ముప్పై ఏళ్లు కూడా లేవనీ, కిడ్నీ చాలా బాగుందనీ, అయితే దాత ఇంజెక్షన్ల ద్వారా డ్రగ్స్ తీసుకునేవాడనీ, గంటలోపు మా నిర్ణయం చెప్పాలనీ అన్నారు. మా అత్తగారు ‘ఉన్న జబ్బు చాలదా, లేని జబ్బు తెచ్చిపెట్టుకోవడం ఎందుకమ్మా’ అని ఏడ్చారు. నాకైతే హెచ్‌ఐవీ అన్న మాట తప్ప ఇంకేదీ చెవికెక్కలేదు. వద్దని చెప్పేశాము. వద్దన్నా జాబితాలో మన స్థానం పోదు గనుక త్వరలోనే మరొకటి వస్తుందని నమ్మాము.

మరొకటి రావడానికి 19 నెలలు పట్టింది. ఈలోగా డయాలసిస్ సూదులు గుచ్చడానికి చేతిలో రక్తనాళాలను కలిపి చేసిన ఫిస్టులా మూసుకుపోతే మెడ దగ్గర క్యాథెటర్ అనే గొట్టం పెట్టారు, అక్కడ మొదలైన ఇన్ఫెక్షన్ రక్తంలోకి పాకి ఆయన 12 రోజులు ఆసుపత్రిలో ఉండవలసి వచ్చింది. ఏ ఇన్ఫెక్షన్‌కు భయపడి కిడ్నీని కాదనుకున్నామో, అంతకంటే పెద్ద ప్రమాదం డయాలసిస్ రూపంలోనే మా ఇంట్లో ఉందని అప్పుడు గానీ నాకు అర్థం కాలేదు.

ఇంతకీ ఆ ‘రిస్క్’ అన్న ముద్ర కిడ్నీ నాణ్యతకు సంబంధించినది కాదు. హెచ్‌ఐవీ, హెపటైటిస్ బి, హెపటైటిస్ సి సోకే అవకాశమున్న పరిస్థితి దాత జీవితంలో ఇటీవల ఉందా అన్నదే అది చెబుతుంది. డ్రగ్స్ ఇంజెక్షన్లు తీసుకోవడమే కాక, వరుసగా 72 గంటలు జైల్లో ఉన్నా, చివరికి దాత గురించి వివరాలు చెప్పేవారు ఎవరూ లేకపోయినా ఈ ముద్ర పడుతుంది. 2013 నాటి నిబంధనల ప్రకారం గడిచిన 12 నెలలను చూసేవారు. 2020లో దానిని 30 రోజులకు తగ్గించి, ‘ఎక్కువ రిస్క్ ఉన్న దాత’ అనే పేరును కూడా తీసేశారు. ఎందుకంటే ఇప్పుడు ప్రతి దాతకూ చేసే న్యాట్ పరీక్ష, వైరస్‌ను ఎదుర్కోవడానికి శరీరం యాంటీబాడీలు (రక్షక పదార్థాలు) తయారు చేసేదాకా ఆగకుండా, వైరస్ జన్యుపదార్థాన్నే నేరుగా పట్టుకుంటుంది. హెచ్‌ఐవీ, హెపటైటిస్ సి సోకిన కొద్ది రోజులకే, హెపటైటిస్ బి సుమారు మూడు వారాలకు ఇందులో బయటపడతాయి. ఆ కొద్ది రోజుల సందులో సోకి ఉంటే మాత్రమే పరీక్షకు దొరకకుండా పోయే అవకాశం ఉంది.

అలా జరగనే జరగదని నేను చెప్పను. 2007లో షికాగోలో ఒకే దాత నుంచి నలుగురికి హెచ్‌ఐవీ, హెపటైటిస్ సి రెండూ సోకాయి. అప్పుడు ఆ దాతకు చేసినవి యాంటీబాడీ పరీక్షలే, న్యాట్ కాదు. మీ ఇంట్లోవారి భయం అర్థం లేనిది కాదు కాబట్టి వారిని తీసిపారేయకండి, కూర్చోబెట్టి ఈ తేడా వివరించండి.

వద్దన్నవారికి తర్వాత ఏమైందో అమెరికాలో 2018లో వచ్చిన ఒక అధ్యయనం లెక్కగట్టింది. ఇలాంటి కిడ్నీని కాదన్నవారిలో అయిదేళ్లలోపు ఆ ముద్ర లేని మరణించిన దాత కిడ్నీ దొరికినవారు 31 శాతం మంది మాత్రమే. ఒప్పుకున్నవారిలో ఆరు నెలల తర్వాతి కాలంలో మరణించే ప్రమాదం, కాదన్నవారితో పోలిస్తే 48 శాతం తక్కువగా ఉంది. కాబట్టి ఈ కిడ్నీని ఏ లోపమూ లేని మరో కిడ్నీతో పోల్చకండి, మీ మామగారు ఇంకా ఎన్నాళ్లు డయాలసిస్ మీద ఉండగలరన్న దానితో పోల్చి చూడండి.

రెండోసారి ఫోన్ వచ్చినప్పుడు నా దగ్గర ప్రశ్నలు రాసి ఉన్నాయి. ముద్ర ఏ కారణంతో పడింది, న్యాట్ ఫలితాలు మూడింటికీ వచ్చాయా, కిడ్నీ నాణ్యత స్కోరు ఎంత అని అడిగాను. ఆ దాత కూడా డ్రగ్స్ ఎక్కువై మరణించిన యువకుడే. ఎవరో తల్లి ఆ రాత్రి బిడ్డను పోగొట్టుకుని కూడా సరేనన్నదని ఆలోచిస్తే, అతని అలవాటును బట్టి ఆ దానాన్ని తూచడం నాకు మనస్కరించలేదు. ఆపరేషన్ తర్వాత రెండో నెలలోపు మూడు వైరస్‌లకూ మళ్లీ పరీక్ష చేశారు, ఏదీ సోకలేదు. ఆ కిడ్నీ నాలుగేళ్లుగా పనిచేస్తోంది.

హెపటైటిస్ సి ఉన్నట్లు తేలిన దాత సంగతి వేరు, దానికి అంగీకారపత్రం కూడా వేరుగా ఇస్తారు. అక్కడ వైరస్ వస్తుందని తెలిసే తీసుకుంటారు, తర్వాత సాధారణంగా 8 నుంచి 12 వారాలు మాత్రలు వాడతారు. ఫిలడెల్ఫియాలోని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం 2017లో వెల్లడించిన మొదటి ప్రయోగంలో పదిమందికి పదిమందికీ నయమైంది. ఆ మందుల జెనెరిక్స్ (అదే మందుకు చౌక రూపాలు) మన హైదరాబాద్ కంపెనీలు కూడా తయారు చేస్తున్నాయి. కానీ అమెరికాలో ఈ మందుల ధర చాలా ఎక్కువ కాబట్టి, ఇన్సూరెన్స్ భరిస్తుందో లేదో సంతకం పెట్టకముందే తేల్చుకోండి.

ఫోన్ వచ్చేదాకా ఆగకుండా ఈ వారమే మీ మామగారితో నెఫ్రాలజిస్టు దగ్గరకు వెళ్లండి. అంగీకారపత్రంలో ఒక్కో అంశానికీ అవుననాలా కాదనాలా అన్నది ఆయన నోటితోనే చెప్పనివ్వండి. హెపటైటిస్ బి టీకా డోసులు పూర్తయ్యాయా, యాంటీబాడీలు తగినంత వచ్చాయా అన్నది కూడా అప్పుడే అడగండి. డయాలసిస్ మీద ఉన్నవారికి టీకా తేలిగ్గా పట్టదు, మావారికి రెండోసారి మొత్తం కోర్సు వేయవలసి వచ్చింది.