గ్రూప్‌కి తెలుగేంటని అడిగావు కదా

గుంటూరు

అమ్మడూ,

నిన్న రాత్రి నువ్వు ఫోన్ చేసేసరికి మీ పెద్దమ్మ అన్నం వడ్డిస్తోంది. "గ్రూప్‌కి తెలుగేంటి పెదనాన్నా?" అని అడిగితే, సమూహం అని వేసెయ్యమని చెప్పి పెట్టేశాను. పడుకున్నాక మనసొప్పలేదు. ఇన్నేళ్లు పత్రిక డెస్కులో కూర్చున్నవాణ్ని, అంత తేలిగ్గా చెప్పి ఉండకూడదు. అందుకే తీరిగ్గా రాస్తున్నాను.

నువ్వు తెలుగు చేయాలంటూ చదివి వినిపించిన వార్తా ఏజెన్సీ వాక్యంలో గ్రూప్ నాలుగుసార్లు ఉంది. ఎ గ్రూప్ ఆఫ్ ఉమెన్‌తో మొదలై, సెల్ఫ్ హెల్ప్ గ్రూప్స్, ట్రైబల్ గ్రూప్, చివర గ్రూప్ ఆఫ్ మినిస్టర్స్. నేను చెప్పినట్టు చేస్తే ఇలా తయారవుతుంది: "గిరిజన సమూహానికి చెందిన స్వయం సహాయక సమూహాల మహిళల సమూహం మంత్రుల సమూహాన్ని కలిసింది." ఇది ఏ ఊళ్లోనూ ఎవరూ మాట్లాడే తెలుగు కాదు. పొద్దున్నే టీ తాగుతూ పేపరు తిరగేసేవాడు ఈ వాక్యం దగ్గర ఆగిపోతాడు, ముందుకు పోడు.

ఇంగ్లిషువాళ్లకు ఈ మాట బొమ్మలు వేసేవాళ్ల దగ్గర్నుంచి వచ్చింది. ఇటలీలో గ్రుప్పో, ఫ్రాన్సులో గ్రూప్ అయి, పదిహేడో శతాబ్దం చివర్లో ఇంగ్లిషులో చేరింది. చిత్రంలోనో శిల్పంలోనో దగ్గర దగ్గరగా నిలబెట్టిన మనుషుల్ని అలా అనేవారు. చూసేవాడి కంటికి ఒకచోట కనబడితే చాలు, అది గ్రూపే. వాళ్లెందుకు చేరారో, మంచికో చెడుకో ఆ మాట చెప్పదు. మన మాటలు అలా ఊరుకోవు. గుంపు, మూక, ముఠా, బృందం, జట్టు, దళం, సంఘం, వర్గం, కూటమి, తెగ... ఇందులో ఏది ఎత్తుకున్నా, చేరినవాళ్ల మీద ఒక అభిప్రాయం దాంతోపాటే వచ్చి కూర్చుంటుంది. ఇంగ్లిషులో రిపోర్టరు అనని మాట నువ్వు అన్నట్టవుతుంది. చదివేవాడికి ఆ తేడా తెలిసే దారి లేదు.

ఇది నేను ఎలా నేర్చుకున్నానో చెప్తాను. నేను చేరిన రెండో ఏడు, రాత్రి పదకొండు దాటాక ఒక చిన్న ఇంగ్లిషు టేక్, అంటే వార్త ముక్క, వచ్చింది. అనుమానాస్పదంగా తిరుగుతున్న పద్నాలుగు మంది కూలీల గ్రూప్‌ను పోలీసులు అదుపులోకి తీసుకున్నారని. పేజీ వెళ్లిపోతోంది, కింద సింగిల్ కాలమ్ ఖాళీగా ఉంది. "14 మంది ముఠా అరెస్టు" అని హెడ్డింగ్ పెట్టి పంపేశాను. అక్షరాలు కాలమ్‌కి సరిగ్గా సరిపోయాయని సంతోషపడ్డాను కూడా.

మూడోనాడు ఒక పెద్దాయన ఆఫీసుకొచ్చాడు. మోకాళ్ల దాకా ఎగ్గట్టిన పంచె, భుజాన ఎర్ర తువ్వాలు. ఆయన బట్టల్లోని మిరపకాయ ఘాటుకి పక్క సీటాయన తుమ్మాడు. నాలుగు మడతలు పెట్టిన పేపరు తీసి నా బల్ల మీద పరిచి, ఆ వార్త మీద వేలు పెట్టాడు. ఆయనకు చదువు రాదు, మనవరాలు చదివి వినిపించిందట. "మేం ముఠావాళ్లమే బాబూ. మిర్చి యార్డులో బస్తాలు మోసే ముఠా. మా నాయన నాటి నుంచీ ముఠా అనే చెప్పుకుంటున్నాం. ఈ కాయితంలో ముఠా అది కాదంటోంది మా పిల్ల" అన్నాడు. రాత్రి పొద్దుపోయేదాకా లారీకి ఎత్తి ఇళ్లకు నడిచి పోతున్నవాళ్లను పట్టుకెళ్లి, తెల్లారి వదిలేశారు. కేసూ లేదు, అరెస్టూ లేదు. అందులో ఆయన కొడుకు ఒకడు. ఆ పిల్లాడికి కుదిరిన సంబంధం వాళ్లు పేపరు చూశాక మళ్లీ కబురు పెట్టలేదు.

సవరణ వేశాం. లోపలి పేజీలో నాలుగు లైన్లు. పెద్దాయన దాన్ని కూడా మడిచి తీసుకెళ్లాడు. ఆ సంబంధం మాత్రం తిరిగి రాలేదు.

ఆ రోజు నుంచి, ఇంగ్లిషులో గ్యాంగ్ అని ఉండి, దానికి కేసు ఆధారం ఉంటే తప్ప హెడ్డింగ్‌లో ముఠా వాడలేదు. అదుపులోకి తీసుకోవడాన్ని అరెస్టు అని రాయలేదు. మూక సంగతి మరీ జాగ్రత్త. మూకదాడి అని వాడటానికి అది నిజంగా మూకదాడే అయ్యుండాలి. గుంపు అంటే ఎవరూ పిలవకుండా చేరేది. ప్రమాదం జరిగినచోట గుంపు చేరుతుంది. పార్వతీపురం మన్యం జిల్లాలో చేలు తొక్కే ఏనుగులది గుంపు. జీతాలు పెంచమని కలెక్టరేట్ ముందు కూర్చున్న అంగన్‌వాడీలది గుంపు కాదు. వాళ్లు ముందే అనుకుని, ఒక కోరికతో వచ్చినవాళ్లు. అక్కడ గుంపు అని రాశావంటే వాళ్ల కోరికను సగం తీసేసినట్టే.

బృందానికి గౌరవం ఉంది. ఎవరో పంపితే, ఒక పని మీద వచ్చేవాళ్లది బృందం. వరద నష్టం చూడటానికి ఢిల్లీ నుంచి వచ్చేది కేంద్ర బృందం, సంక్రాంతికి వచ్చేది కోలాటం బృందం.

ఇవన్నీ చెప్పాక అసలు మాట. పదిసార్లలో ఆరుసార్లు గ్రూప్‌కి తెలుగులో ఏ మాటా అక్కర్లేదు. మనుషుల్ని లెక్కపెట్టడానికి మనకు ప్రత్యేకంగా "మంది" అనే మాట ఉంది కదా. బస్తాలు పది, మనుషులు పది మంది. ఆ మందిలోనే గ్రూప్ ఇమిడిపోయింది. గ్రామస్థుల గ్రూప్ రోడ్డు మీద బైఠాయించిందని కాపీలో, అంటే మన చేతికొచ్చిన వార్తలో, ఉంటే, "గ్రామస్థులు కొందరు రోడ్డు మీద బైఠాయించారు" అంటే సరిపోతుంది. ఏజ్ గ్రూప్ కూడా అంతే. "18 నుంచి 44 ఏళ్ల వయోవర్గం వారు" అని ఆరోగ్య శాఖ వాళ్లు రాసిస్తారు. "18 నుంచి 44 ఏళ్ల వాళ్లు" అని నువ్వు రాయి.

ట్రైబల్ గ్రూప్ వచ్చినచోట తెగ అని రాయి. కేంద్రం లెక్కలో ముఖ్యంగా ప్రమాదంలో ఉన్న గిరిజన గ్రూపులు 75 ఉన్నాయి. 2006కు ముందు వాటిని ప్రిమిటివ్ అనేవారు, ఆ ఏడు పేరు మార్చారు. మన దగ్గర చెంచులు, కోలాములు, తోటీలు, కొండరెడ్లు ఆ జాబితాలోని వాళ్లే. ప్రిమిటివ్‌కి "ఆదిమ" అని మనం పెట్టుకున్న మాట ఇప్పటికీ కాపీల్లో కనిపిస్తూనే ఉంది. వీలైతే అదీ వదిలేసి, తెగ పేరు రాయి. పేరున్న మనుషుల్ని పేరుతో పిలవడం కన్నా మంచి అనువాదం ఉండదు.

సెల్ఫ్ హెల్ప్ గ్రూప్ దగ్గర ఒక చిక్కుంది. 1982లో డ్వాక్రా పథకం మొదలయ్యాక మన పల్లెల్లో అది ఆడవాళ్ల మాటైపోయింది. స్వయం సహాయక సంఘం అని ప్రభుత్వం రాసుకుంటుంది గానీ, ఊళ్లోకెళ్లి చూడు, "మా గ్రూపులో పన్నెండు మందిమి", "గ్రూపు డబ్బులు కట్టాలి", "ఈ నెల గ్రూపు మీటింగు మా ఇంట్లో" అంటారు. ఆ మాటను వాళ్లు వాడి వాడి తెలుగు చేశారు. అందుకని నీ మాటగా రాసేటప్పుడు పొదుపు సంఘం అను. ఆమె మాటగా కొటేషన్లో పెట్టేటప్పుడు గ్రూపును ముట్టుకోకు. ఆమె నోట్లో స్వయం సహాయక సంఘం అని పెడితే ఆమె మాట్లాడినట్టుండదు.

కొన్నిచోట్ల అసలు తెలుగు చేయకూడదు. గ్రూప్ కెప్టెన్ అనేది వైమానిక దళంలో ఒక హోదా, సైన్యంలో కల్నల్‌కి సమానం. 2025 జూన్‌లో శుభాంశు శుక్లా అంతరిక్షానికి వెళ్లినప్పుడు ఆయన పేరు ముందున్నది అదే. దాన్ని బృంద సారథి అంటే ఆ నలుగురు వ్యోమగాములకూ ఆయనే నాయకుడని అర్థమొస్తుంది, ఆ యాత్రకు కమాండర్ వేరే ఆమె. బ్లడ్ గ్రూపు సంగతీ అంతే. రక్తం కావాలని రాత్రిపూట ఎవరో పంపే నాలుగు లైన్లలో రక్త వర్గం అని దిద్దుతూ కూర్చోకు. ఇంకొక్కటి, బాంబే బ్లడ్ గ్రూప్ అని వస్తే బాంబేను ముంబై చేయకు. ఊరు పేరు మారినా, 1952లో అక్కడ కనుక్కున్న ఆ అరుదైన గ్రూపు పేరు మారలేదు. ఆ గ్రూపు వాళ్లకు మామూలు 'ఓ' (O) గ్రూపు రక్తం ఎక్కిస్తే ప్రాణం మీదికొస్తుంది. అలాంటి వార్తలో పేరు దగ్గర తడబాటు ఉండకూడదు.

మీ దగ్గర తెలుగు కాపీని ఇంగ్లిషులోకి కూడా మారుస్తారన్నావు. అక్కడ ఇంకా జాగ్రత్త, ఎందుకంటే గ్రూపు మనకు ఇంగ్లిషులా కనిపించే తెలుగు మాట. ఇంటర్‌లో ఏ గ్రూపు అంటే మనకు ఎంపీసీ, బైపీసీ. బయటివాళ్లకు స్ట్రీమ్ అంటే గానీ తెలియదు. బెజవాడలో గ్రూప్ హౌస్ అంటే అపార్ట్‌మెంట్. గ్రూప్ హోమ్ అని రాశావంటే, అమెరికాలో చదివేవాడికి సొంతంగా బతకలేనివాళ్లను చూసుకునే ఇల్లు అనిపిస్తుంది. గ్రూప్-1 అంటే డిప్యూటీ కలెక్టరు, డీఎస్పీ కొలువులని ఒక్క ముక్క కలిపి రాయాలి. పార్టీలో గ్రూపు తగాదాలకు ఇంగ్లిషులో ఫ్యాక్షన్ సరైన మాట. అదే ఫ్యాక్షన్ ఇంగ్లిషు నుంచి తెలుగుకొస్తే వర్గం అవ్వాలి. 2022లో శివసేన చీలినప్పుడు మన పత్రికలు శిందే వర్గం అనే రాశాయి. ఫ్యాక్షన్ అని వదిలేసి ఉంటే, సీమవాళ్లకు బాంబులూ వేటకొడవళ్లూ కళ్లముందు మెదిలేవి.

ఇక నీ వాక్యం. కింద మూడో పేరాలో వాళ్లు నల్లమల చెంచులని ఉందన్నావు, అది పైకి తీసుకురా. "పొదుపు సంఘాల్లోని పన్నెండు మంది చెంచు మహిళలు మంత్రుల బృందాన్ని కలిశారు." నాలుగు గ్రూపుల్లో ఒకటి సంఘమైంది, ఒకటి చెంచులయింది, ఒకటి బృందమైంది, ఒకటి మందిలో కలిసిపోయింది. పన్నెండు అన్నది నేను వేసిన అంకె, దాన్ని అలాగే పంపెయ్యకు. ఎంతమంది వెళ్లారో అక్కణ్నుంచి వార్తలు పంపే కంట్రిబ్యూటర్‌కి ఫోన్ చేసి అడుగు. పదిన్నర లోపు చెయ్యి, తర్వాత ఆయన ఎత్తడు.

మీ పెదనాన్న