ఆసుపత్రి రిజిస్టరు నుంచి టీబీ పటం గీయబోయే అమ్మాయికి

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

టీబీ అడ్మిషన్లు ఏ మండలం నుంచి, ఏ నెలలో ఎక్కువో లెక్క తీస్తున్నానని రాశావు. పటం గీయడం ఒక పూట పని. రిజిస్టరు శుభ్రం చేయడానికే నెల పడుతుంది. ఆ పనిలో తొందరపడకు.

టీబీ రోగుల్లో చాలామంది ఇంటి దగ్గరే మందులు వాడతారు. వార్డులో చేరేది రక్తం కక్కినవాళ్ళు, ఆయాసం ఆగనివాళ్ళు, బాగా చిక్కిపోయినవాళ్ళు, మొండి టీబీ ఉన్నవాళ్ళలో కొందరు. అందుకే నీ పటంలో కనిపించేది జబ్బు మొత్తం కాదు, ముదిరి మంచం దాకా వచ్చిన భాగం. పక్కనే నిక్షయ్‌లో, అంటే ప్రభుత్వం టీబీ రోగుల్ని నమోదు చేసే ఆన్‌లైన్ జాబితాలో, ఉన్న కేసుల పటం పెట్టుకో. నమోదు తక్కువగా, అడ్మిషన్లు ఎక్కువగా ఉన్న మండలానికి ముందు వెళ్ళాలి. అక్కడ జబ్బును ఆలస్యంగా పట్టుకుంటున్నారేమో చూడు.

చిరునామా దగ్గరే ఎక్కువ పొరపాట్లు జరుగుతాయి. ఎర్రగడ్డ ఛాతీ ఆసుపత్రికి ఎన్నో జిల్లాల వాళ్ళొస్తారు. ఆసుపత్రి ఉన్న చోటుతో లెక్కేస్తే ఆ భారమంతా హైదరాబాదు మీద పడుతుంది. వలస కూలీకి ఆధార్‌లో సొంతూరుంటుంది, ఉండేది అడ్డా దగ్గర గదిలో. రెంటికీ రెండు గడులు పెట్టు. జిల్లా పేరును అసలు నమ్మకు. తెలంగాణలో 10 జిల్లాలు 2016లో 31, 2019లో 33 అయ్యాయి. ఆంధ్రలో 2022లో 13 కాస్తా 26 అయ్యాయి. గ్రామం కోడుతో రాసుకుంటే, ఏ సరిహద్దుకైనా తర్వాత కూడుకోవచ్చు.

ఐసీడీ-10 అనే అంతర్జాతీయ రోగ కోడ్‌లలో టీబీవి ఏ15 నుంచి ఏ19 వరకు, అవి తీసుకో. హెచ్ఐవీతో కలిసిన టీబీ బీ20.0 కింద దాక్కుంటుంది, దాన్నీ వెతుకు. బీ90 అంటే పాత టీబీ మిగిల్చిన మచ్చలు, ఇబ్బందులు. దాన్ని కొత్త జబ్బులో కలపకు. ఊపిరితిత్తి పొరలో నీరు చేరిందని జే90గా రాసి, ఆనక టీబీ అని తేలినవాళ్ళ కేస్ షీట్లు తెరిచి చూడాల్సిందే. ఒకే మనిషి డిశ్చార్జయి మళ్ళీ చేరితే నిక్షయ్ ఐడీతో కలుపు. ముప్పై రోజుల లోపైతే ఒకే అడ్మిషన్ అనుకో. ఏ నియమం పెట్టుకున్నా చివరిదాకా అదే ఉంచు.

20,000 జనాభా ఉన్న మండలంలో ఇద్దరు చేరితే లక్షకు 10, నలుగురైతే 20. ఇద్దరు మనుషుల తేడాకే రేటు రెట్టింపైంది! మూడేళ్ళు కలిపి లెక్కేశాకే రంగు వెయ్యి.

కాలం సంగతికొస్తే, కనీసం ఐదేళ్ళ లెక్కలుండాలి. ఫిబ్రవరికి 28 రోజులే, కాబట్టి నెల మొత్తం కాక రోజు సగటు చూడు. ఉత్తర భారతంలో టీబీ నమోదు ఏప్రిల్–జూన్‌లో పెరిగి ఏడాది చివర తగ్గుతుంది. దక్షిణాన ఆ తేడా అంత కనిపించదు. ఉత్తరాది ఋతువును మన లెక్కల్లో వెతకకు. 2020, 2021 విడిగా ఉంచు. లాక్‌డౌన్‌లో జనం ఆసుపత్రికి రాలేకపోయారు, మంచాలు కోవిడ్‌కు పోయాయి. తమిళనాడులో 2022 నుంచి బరువు, కాళ్ళ వాపు, ఊపిరి వేగం, ఆక్సిజన్ చూసి, ప్రమాదంలో ఉన్నవాళ్ళను వార్డులో చేరుస్తున్నారు. అలాంటి పద్ధతి మొదలైనచోట అడ్మిషన్లు పెరిగితే అది మంచి కబురే. కొత్త వార్డు తెరిచిన తేదీ, నియమం మారిన తేదీ నెలవారీ అడ్మిషన్ల గీత మీద గుర్తు పెట్టు.

పటంలో పక్కపక్కనే ఎర్రబడ్డ మండలాలు తేలగానే, ఎవరికీ చూపకముందే అక్కడి టీబీ పనులు చూసే టీబీ యూనిట్ సూపర్‌వైజరు దగ్గర కూర్చుని ఒక్కో రోగి పేరూ సరిచూడు.