పిల్లికి గుండ్రంగా వెంట్రుకలు ఊడుతుంటే

ప్రశ్న: ధాన్యం కొట్టులో ఎలుకల కోసం పెంచుకుంటున్న పిల్లికి నెల రోజులుగా చెవుల దగ్గర, ముందు కాలి మీద గుండ్రంగా వెంట్రుకలు ఊడిపోతున్నాయి. ఆ చోట బూడిద చల్లినట్టు పొట్టు రేగింది. పెద్దగా గోక్కోవడం లేదు. వారం కిందట మా పాప మోచేతి మీద కూడా ఎర్రటి గుండ్రటి మచ్చ వచ్చింది. గేదెల పిడుదుల మందు కొంచెం మిగిలింది. పలుచగా కలిపి పిల్లికి పట్టించవచ్చా?

జవాబు: వద్దు. ముందు ఆ సీసాను పిల్లికి, పాపకు అందని చోట పెట్టండి. పిడుదుల మందుల్లో ఎక్కువగా సైపర్‌మెత్రిన్, డెల్టామెత్రిన్, అమిట్రాజ్ వంటివి ఉంటాయి. గేదె తట్టుకునే మందును పిల్లి తట్టుకోలేదు. ఇలాంటి విషాలను అరగదీసి బయటికి పంపే శక్తి దాని కాలేయానికి చాలా తక్కువ. పైగా పిల్లి ఒంటికి పూసింది కడుపులోకి పోయినట్టే, రోజులో ఎంతోసేపు ఒళ్లు నాక్కుంటూనే ఉంటుంది కదా! కుక్కల మెడ మీద వేసే పర్మెత్రిన్ చుక్కల వల్ల కూడా పిల్లులకు గంటల్లోనే వణుకు, మూర్ఛలు వచ్చి ప్రాణం పోవచ్చు. మనుషుల గజ్జికి పూసే బెంజైల్ బెంజోయేట్, ఫినాయిల్, కర్పూరం నూనె కూడా పనికిరావు. ఇప్పటికే ఏదైనా పూసి ఉంటే గోరువెచ్చని నీళ్లు, గిన్నెలు తోమే ద్రవ సబ్బుతో కడిగి, తుడిచి, ఆలస్యం చేయకుండా పశువైద్యుడి దగ్గరికి తీసుకెళ్లండి.

మీరు చెప్పిన లక్షణాలను బట్టి ఇది తామర అయి ఉండవచ్చు. పాప చేతి మీది మచ్చ ఆ అనుమానాన్ని బలపరుస్తోంది. పిల్లుల్లో దీన్ని ఎక్కువగా కలిగించేది మైక్రోస్పోరం కేనిస్ అనే శిలీంధ్రం. మచ్చ అంచును వెలుతురులో పరీక్షగా చూడండి. వెంట్రుకలు కుదురుతో ఊడకుండా, కోత కోసిన మడిలో కొయ్యకాళ్లలా విరిగి కనిపిస్తాయి.

దురద విపరీతంగా ఉంటే మాత్రం వేరే కారణం వెతకాలి. చెవి అంచుల నుంచి మొదలై ముఖమంతా దళసరి పక్కులు కడితే అది గజ్జి. నడుము, తోక మొదలు దగ్గర గోక్కుంటుంటే వెంట్రుకల్లో గెంతే చిన్న పురుగులు ఉన్నాయేమో చూడండి. సన్న పళ్ల దువ్వెనతో దువ్వి, రాలిన నల్లటి నలకలను తడి తెల్లగుడ్డ మీద వేయండి. చుట్టూ ఎర్రటి మరక పాకితే అవి పురుగుల రెట్టలే, అందులో ఉన్నది మీ పిల్లి రక్తమే.

తామరను ఖాయం చేయడానికి డాక్టరు వుడ్స్ దీపం (అతినీలలోహిత కాంతినిచ్చే దీపం) కింద చూస్తారు. సోకిన వెంట్రుకలు ఆకుపచ్చగా మెరవవచ్చు. మెరవనంత మాత్రాన తామర లేదని కాదు. వెంట్రుకలను కల్చర్‌కు (శిలీంధ్రాన్ని పెంచి చూసే పరీక్షకు) పంపితే ఫలితానికి 2, 3 వారాలు పట్టవచ్చు. సాధారణంగా ఇట్రాకొనజోల్ అనే శిలీంధ్రాల మందును బరువును బట్టి ఒక వారం ఇచ్చి, ఒక వారం ఆపి, మళ్లీ ఇస్తారు. దాంతో పాటు వారానికి రెండుసార్లు సున్నం గంధకం ద్రావణంతో ఒళ్లు తడుపుతారు. వాసన ఘాటుగా ఉంటుంది, అయినా మానకండి. ఆరేదాకా నాకకుండా మెడ చుట్టూ గరాటు లాంటి పట్టీ వేయించండి. పిల్లి చూడితో ఉంటే ముందే చెప్పాలి, మందు మారుతుంది. వెంట్రుకలు మొలిచాయని మధ్యలో ఆపేస్తే జబ్బు మళ్లీ తిరగబెడుతుంది. ఎప్పుడు ఆపాలో పరీక్ష చేసి డాక్టరే చెప్పాలి.

రాలిన వెంట్రుకల్లో ఈ శిలీంధ్ర బీజాలు ఏడాదికి పైగా బతకగలవు. అందుకే వైద్యం సగం పిల్లికి, సగం ఇంటికి. పిల్లిని శుభ్రం చేయడానికి వీలైన ఒక గదిలో ఉంచండి. పొడి చీపురుతో ఊడ్చి దుమ్ము లేపకుండా తడిగుడ్డతో తుడవండి. అది పడుకున్న గోనెలు పారేయండి, దుప్పట్లు రెండుసార్లు ఉతకండి. ఇంట్లో వేరే పిల్లులు, కుక్కలు ఉంటే వాటినీ చూపించండి. పాపను చర్మవైద్యుడికి చూపించండి, ఇంట్లో పిల్లికి ఇలా ఉందని తప్పక చెప్పండి. పిల్లల్లో ఇది త్వరగానే తగ్గుతుంది, భయపడకండి. పిల్లిని తాకిన ప్రతిసారీ చేతులు సబ్బుతో కడుక్కుంటే చాలు, దాన్ని వదిలించుకోవలసిన పని లేదు.

పిల్లి గదిలో ఉన్నన్నాళ్లూ కొట్టులో ఎలుకలు పెరుగుతాయి. అలాగని ఎలుకల మందు పెట్టవద్దు. బయటికి వచ్చాక ఆ మందు తిన్న ఎలుకను పట్టి తింటే పిల్లి ప్రాణానికే ముప్పు. అప్పటిదాకా బోన్లు పెట్టుకోండి.