లినక్స్ ఆట విండోస్‌కు చేరాలంటే…

ప్రశ్న: మా కళాశాల ల్యాబ్‌లోని లినక్స్ కంప్యూటర్లలో ఫ్రీసివ్ అనే వ్యూహక్రీడను మిత్రులం కలిసి ఆడుతుంటాం. విండోస్ వాడేవారు కూడా అదే ఆటలో మాతో చేరగలుగుతున్నారు. మేము సైతం సీ భాషలో లినక్స్ మీద ఒక చిన్న వ్యూహక్రీడను రాసి, సోర్స్ కోడ్‌ను అందరికీ అందుబాటులో ఉంచాం. దానిని విండోస్‌కు తీసుకువెళ్లాలంటే అంతా తిరగరాయాలా? పని ఎక్కడ మొదలుపెట్టాలి?
– ఇంజనీరింగ్ విద్యార్థి, కాకినాడ

జవాబు: అంతా తిరగరాయవలసిన అవసరం సాధారణంగా రాదు. ఆట నియమాలను లెక్కించే కోడ్, తెరమీద బొమ్మలు చూపే కోడ్ ఒకదానిలో ఒకటి ఎంతగా కలిసిపోయాయన్న దానిపైనే మీ శ్రమ ఆధారపడి ఉంటుంది. ఇందుకు మీరు ఆడుతున్న ఫ్రీసివ్‌ను మించిన ఉదాహరణ అక్కరలేదు. డెన్మార్క్‌లోని ఆర్హుస్ విశ్వవిద్యాలయంలో ముగ్గురు కంప్యూటర్ సైన్స్ విద్యార్థులు 1995 నవంబరులో దానిని మొదలుపెట్టి, 1996 జనవరిలో తొలి వెర్షన్ విడుదల చేశారు. అది యూనిక్స్ మీద, ఎక్స్ విండో సిస్టమ్ (యూనిక్స్‌లో తెరమీద విండోలు చూపే వ్యవస్థ) కోసం పుట్టిన ఆట అయినప్పటికీ, నియమాలన్నీ ఆటను నడిపే సర్వర్‌లోనూ, చూపడం, ఆటగాడి ఆదేశాలు అందుకోవడం ఆటగాడి కంప్యూటర్‌లో నడిచే క్లయింట్‌లోనూ ఉండేలా రూపొందింది. అందువల్లనే తరువాత వచ్చినవారు జీటీకే, క్యూటీ, ఎస్‌డీఎల్ అనే తెరమీద చూపే లైబ్రరీలకూ, చివరికి అమిగా కంప్యూటర్లకూ వేర్వేరు క్లయింట్లు రాయగలిగారు. కొత్త క్లయింట్ రాయదలచినవారి కోసం ఖాళీ ఫంక్షన్లతో కూడిన ‘జీయూఐ-స్టబ్’ అనే ఫోల్డర్‌ను కూడా అందులో ఉంచారు. ఏయే పనులు నింపాలో అది చూస్తే తెలుస్తుంది. ఆ ఫోల్డర్‌ను మీరు తప్పక చదవాలని నా కోరిక.

చాలామంది ముందుగా విండో తెరిపించాలని ఆరాటపడతారు. నా సలహా అందుకు భిన్నం: బొమ్మలతో నిమిత్తం లేని సర్వర్ భాగాన్ని ముందు విండోస్‌లో కంపైల్ చేయండి. ఎంసిస్2 అనే సాధనాల సంపుటి ద్వారా జీసీసీ కంపైలరే అక్కడా దొరుకుతుంది కనుక భాష మారదు. ఇబ్బందులు సిస్టమ్‌తో మాట్లాడే చోటనే తలెత్తుతాయి. విండోస్‌లో సాకెట్లను (నెట్‌వర్క్ అనుసంధానాలను) వాడే ముందు డబ్ల్యూఎస్ఏస్టార్టప్ అనే ఫంక్షన్‌ను పిలవాలి; వాటిని మూయడానికి క్లోజ్ బదులు క్లోజ్‌సాకెట్ వాడాలి. అంతకంటే చిక్కైనది సెలెక్ట్ అనే ఫంక్షన్. లినక్స్‌లో అది నెట్‌వర్క్‌నూ కీబోర్డునూ ఒకేసారి కనిపెట్టుకుని ఉండగలదు. విండోస్‌లో అది సాకెట్లకు మాత్రమే పనిచేస్తుంది. అందుకే ఫ్రీసివ్ సర్వర్ విండోస్‌లో కీబోర్డు ఆదేశాలను వేరే థ్రెడ్‌లో (సమాంతరంగా నడిచే పనిలో) చదువుతుంది. ఇలాంటి తేడాలన్నిటినీ ఒక చిన్న ఫైలులో దాచి, మిగతా కోడ్‌కు ఒకే పేర్లున్న ఫంక్షన్లను అందించండి. కోడ్ నిండా ‘విండోస్ అయితే ఇలా, లినక్స్ అయితే అలా’ అనే షరతులు చల్లితే ఏడాది తిరిగేసరికి దానిని చదవడం మీకే కష్టమవుతుంది.

డేటా విషయంలో మరింత జాగ్రత్త కావాలి. 64 బిట్ల లినక్స్‌లో ‘లాంగ్’ అనే పూర్ణాంక రకం 8 బైట్లు, 64 బిట్ల విండోస్‌లో 4 బైట్లు మాత్రమే. స్ట్రక్చర్‌ను (కొన్ని విలువల కట్టను) ఉన్నదున్నట్లు నెట్‌వర్క్‌లోకి పంపినా, సేవ్ ఫైలులో రాసినా అవతలివైపు అర్థంలేని అంకెలు రావచ్చు. ఒక్కొక్క విలువనూ నిర్ణీత పరిమాణంలో, నిర్ణీత బైట్ క్రమంలో విడివిడిగా రాయాలి. ఫ్రీసివ్ ప్యాకెట్లు అలాగే నడుస్తాయి, దాని సేవ్ ఫైళ్లు టెక్స్ట్ రూపంలో ఉంటాయి. బొమ్మల ఫైళ్లను ‘ఆర్‌బీ’ (బైట్లను మార్చకుండా చదివే) మోడ్‌లో తెరవండి, లేకుంటే విండోస్ పంక్తి ముగింపులను మార్చి వాటిని పాడుచేస్తుంది. యాదృచ్ఛిక సంఖ్యల కోసం సిస్టమ్ ఇచ్చే ర్యాండ్ ఫంక్షన్‌ను కూడా నమ్ముకోవద్దు: విండోస్‌లో దాని గరిష్ఠ విలువ 32767 మాత్రమే, కాబట్టి పెద్ద పటంలో కొన్ని గడులకు వంతే రాకపోవచ్చు. ఫ్రీసివ్‌లాగా సొంత యాదృచ్ఛిక సంఖ్యల కోడ్ పెట్టుకోండి.

క్లయింట్‌లో తెలుగు చూపదలిస్తే లైబ్రరీ ఎంపికలోనే ఆ సంగతి ఆలోచించాలి. జీటీకే తన వెనుకనున్న పాంగో అనే అక్షరాలు కూర్చే లైబ్రరీ సాయంతో ఒత్తులను సరిగా కూర్చుతుంది. ఎస్‌డీఎల్ అయితే, దాని అక్షరాల లైబ్రరీని అక్షరాలను కలిపి కూర్చే హార్ఫ్‌బజ్ లైబ్రరీ తోడుతో కంపైల్ చేశారో లేదో ముందే చూసుకోండి. ఆ తోడు లేకుంటే ‘క్ష’, ‘స్త్ర’ వంటివి విడిపోయి కనిపిస్తాయి.

విండోస్ కోసం వేరే ప్రతిని మాత్రం తీయకండి. రెండు సిస్టమ్‌లకూ ఒకే సోర్స్ ఉండాలి. ప్రతి మార్పు తరువాతా లినక్స్ సర్వర్‌కు విండోస్ క్లయింట్‌ను కలిపి, ఒకచోట సేవ్ చేసిన ఆటను రెండోచోట తెరిచి చూడండి.