400 అడుగుల లోపే కదా అని ఎగరేయొద్దు

గుంటూరు నుంచి కొత్తగా డల్లాస్ వచ్చిన ఒక తమ్ముడి సందేహం: "అన్నా, ఇర్వింగ్‌లో మా అపార్ట్‌మెంట్ పక్కనే పెద్ద పార్కు ఉంది, నా ఆర్సీ (రిమోట్‌తో నడిపే) విమానం 400 అడుగులు దాటకుండా ఎగరేస్తే చాలు కదా?"

చాలదు తమ్ముడూ. నేల నుంచి 400 అడుగులు, అంటే దాదాపు 120 మీటర్లు అనేది ఎయిర్‌పోర్టుల పరిధిలో లేని క్లాస్ జీ గగనతలానికి చెప్పిన లెక్క. ఇర్వింగ్ డీఎఫ్‌డబ్ల్యూ (డల్లాస్-ఫోర్ట్‌వర్త్) ఎయిర్‌పోర్టును ఆనుకుని ఉంది, అక్కడ చాలా చోట్ల నేల నుంచే క్లాస్ బీ, అంటే పెద్ద ఎయిర్‌పోర్టుల చుట్టూ ఉండే నియంత్రిత గగనతలం, మొదలవుతుంది కాబట్టి ముందే అనుమతి తీసుకోకుండా పది అడుగులు లేపినా తప్పే. మన గుంటూరులో కాలేజీ గ్రౌండ్ ఖాళీగా ఉండి వాచ్‌మన్ సరేనంటే సరిపోయేది, ఇక్కడ పార్కు వాళ్ళు ఒప్పుకున్నా పైన ఆకాశానికి అమెరికా విమానయాన సంస్థ ఎఫ్‌ఏఏ ఒప్పుకోవాలి.

ఎఫ్‌ఏఏ మ్యాపు తెరిస్తే ఎయిర్‌పోర్టు చుట్టూ గళ్ళు, ఒక్కో గడిలో 0, 50, 100 అంటూ 400 వరకు అంకెలు కనిపిస్తాయి. నీ గడిలో 100 ఉంటే లాన్స్ (ఆన్‌లైన్‌లో గగనతల అనుమతి ఇచ్చే ఎఫ్‌ఏఏ వ్యవస్థ) సదుపాయం ఉన్న యాప్‌లో అడుగు, చాలాసార్లు వెంటనే అనుమతి వచ్చేస్తుంది, ఆ 100 దాటకు. 0 ఉంటే హాబీగా ఎగరేసేవాళ్ళకు అక్కడ దారి లేదు, వేరే చోటు వెతుక్కో.

హాబీగా ఎగరేసేవాళ్ళు రాయాల్సిన ట్రస్ట్ అనే భద్రతా పరీక్షకు టెన్షన్ వద్దు, ఆన్‌లైన్‌లో ఉచితం, తప్పు రాస్తే సరైన జవాబు చెప్పి మళ్ళీ రాయనిస్తారు. సర్టిఫికెట్ మాత్రం జాగ్రత్తగా దాచుకో. బరువు 250 గ్రాములు లేదా అంతకంటే ఎక్కువైతే 5 డాలర్లు కట్టి మూడేళ్ళకు రిజిస్టర్ చేసుకుని, ఆ నంబరు విమానం మీద బయటకి కనిపించేలా రాయాలి. అలాంటివాటికి రిమోట్ ఐడీ, అంటే ఎగురుతున్నప్పుడు తన గుర్తింపు, ఉన్న చోటు ప్రసారం చేసే ఏర్పాటు, కూడా కావాలి. పాత విమానాల్లో అది ఉండదు గనక మోడల్ విమానాల క్లబ్బులో చేరడమే మేలని నా గట్టి అభిప్రాయం, ఎఫ్‌ఏఏ గుర్తించిన క్లబ్బు మైదానాల్లో రిమోట్ ఐడీ లేకున్నా ఎగరేయొచ్చు, పైగా నేర్పేవాళ్ళు పక్కనే ఉంటారు.

ఒకటి మాత్రం అస్సలు చేయొద్దు. ఎవరి గృహప్రవేశానికో డ్రోన్ వీడియో తీసి డబ్బులు తీసుకుంటే అది హాబీ కాదు, పార్ట్ 107 (హాబీ కాని పనులకు ఎఫ్‌ఏఏ ఇచ్చే డ్రోన్ పైలట్) లైసెన్స్ కావాలి, హెచ్1బీ మీద ఉన్నవాళ్ళకు వీసా సమస్య కూడా అవుతుంది.

సెలవులకు గన్నవరంలో దిగేటప్పుడు సూట్‌కేసులో డ్రోన్ తీసుకెళ్ళొద్దు. ఇండియా 2022 ఫిబ్రవరిలోనే విదేశీ డ్రోన్ల దిగుమతిని నిషేధించింది, కస్టమ్స్ వాళ్ళు పట్టుకుంటే తిరిగి చేతికి రావడం కష్టం. ఇక్కడే ఏ ఫ్రెండ్ దగ్గరో ఉంచి వెళ్ళు.