పురుగు మందు ఎన్నో రోజున కొట్టాలని అడిగావు కదా

ఒరేయ్ అబ్బాయ్,

మొక్కజొన్నకి మొదటి పురుగు మందు ఎన్నో రోజున, రెండోది ఎన్నో రోజున కొట్టాలో రాసి పంపమన్నావు. పంపను. ఒకప్పుడు తేదీలు చూసి కొడితే చాలావరకు సరిపోయేది. ఇప్పుడు ఎండలు ముందే ముదురుతున్నాయి, చలి ఉండాల్సినన్నాళ్లు ఉండట్లేదు, దాంతో పురుగు లెక్క మారిపోయింది.

లెక్క అంటే నిజంగానే లెక్క. పురుగు ఒంటికి సొంత వేడి ఉండదు, బయట వేడిని బట్టే తింటుంది, పెరుగుతుంది, ఒక హద్దు కంటే చల్లబడితే ఎదుగుదల ఆగిపోతుంది. ఉదాహరణకి ఆ హద్దు 10 డిగ్రీలు అనుకో. రోజు సగటు 25 ఉంటే దాని ఖాతాలో 15 పడ్డట్టు. గుడ్డు నుంచి రెక్కల పురుగు అయ్యేదాకా 450 కావాలంటే 30 రోజులు. సగటు 27 అయితే రోజుకి 17 చొప్పున 26, 27 రోజుల్లోనే అయిపోతుంది. మూడు రోజులేగా అనుకోకు, ఒక్కో తల్లి పురుగు వందల్లో గుడ్లు పెడుతుంది, కోత లోపల ఇంకో తరం దూరిందంటే నీ పని అయిపోయినట్టే. మొక్కజొన్నని తినే కత్తెర పురుగునే చూడు, వేసవిలో నెల రోజుల్లో ముగిసే దాని జీవితచక్రానికి చలికాలంలో 80, 90 రోజులు కూడా పడుతుంది.

2018లో ఒక అధ్యయనం వచ్చింది, భూమి సగటు వేడి ఒక్కో డిగ్రీ పెరిగేకొద్దీ వరి, గోధుమ, మొక్కజొన్నల్లో పురుగుల వల్ల జరిగే నష్టం 10 నుంచి 25 శాతం పెరుగుతుందని అంచనా. పంటలో పాతిక శాతం పోతుందని కాదు, ఇప్పుడు పోతున్నదే అంత ఎక్కువవుతుందని. చాలామంది తప్పుగా చెప్తుంటారు, నువ్వు టెన్షన్ పడకు. పైగా అన్ని పురుగులూ ఒకేలా పెరగవు. మరీ మండే ఎండకి పేనుబంక తగ్గుతుంది, అదే ఎండకి వానలు లేకపోతే ఆకుల రసం పీల్చే నల్లి, తామర పురుగులు రెచ్చిపోతాయి, గట్టి వాన పడితే అప్పుడే పొదిగిన పిల్ల పురుగులు చాలా కొట్టుకుపోతాయి.

కాబట్టి చేలోకి దిగి చూడాల్సిందే. మొలక వచ్చినప్పటి నుంచి లింగాకర్షక బుట్టలు పెట్టు, అంటే ఆడ పురుగు వాసన ఎరతో మగ పురుగుల్ని పట్టేవి (వాటిలో ఎర వేడికి త్వరగా ఆవిరైపోతుంది, ప్యాకెట్ మీద రాసిన గడువు దాకా ఆగకు). బుట్టలో మగ పురుగులు పెరుగుతున్నాయంటే గుడ్లు పడుతున్నాయని అర్థం. వారానికి రెండుసార్లు పొద్దున్నే వెళ్లు, గట్టు పక్కనే చూసి రాకుండా లోపల ఐదారు చోట్ల ఆగి మొక్క సుడి, అంటే నడిమధ్య చుట్టుకున్న లేత ఆకులు, విప్పి చూడు. ఆకు మీద పచ్చదనం గీకేసినట్టు, పలచటి కాగితంలా తెల్ల మచ్చలు కనిపిస్తే పురుగు ఇంకా చిన్నది, మందు పనిచేసే సమయం అదే. ఆకుకి చిల్లులు పడి సుడిలో తడి రంపపు పొట్టులాంటి విసర్జన నిండిందంటే పురుగు లోపలికి దూరిపోయింది, పైనుంచి ఎంత కొట్టినా మందు దాని దాకా సరిగా చేరదు.

మందు సంగతికొస్తే, సింథటిక్ పైరిథ్రాయిడ్లు అనే రకం మందుల (సైపర్‌మెత్రిన్ లాంటివి) పనితనం చాలా పురుగుల మీద వేడి పెరిగేకొద్దీ తగ్గుతుంది. పనిచేయలేదని డోసు పెంచడం శుద్ధ దండగ. మిత్రపురుగులు చస్తాయి, శత్రువు తట్టుకోవడం నేర్చుకుంటుంది. అసలే మాడ్చే ఎండలకి పురుగు గుడ్లని నాశనం చేసే ట్రైకోగ్రామా లాంటి చిన్న కందిరీగలు తట్టుకోలేవు, వాటిని మనం కూడా చంపితే ఎలా? సాయంత్రం చల్లబడ్డాక కొట్టు. ఒక తరం మీద వాడిన మందు గుంపుని (ఒకే తీరున పురుగుని చంపే మందులన్నీ ఒక గుంపు) తర్వాతి తరం మీద వాడకు.

చలికాలం గట్టిగా లేకపోతే పురుగు చావకుండా మిగిలిపోతుంది, అది మాత్రం మర్చిపోకు. కోత అయ్యాక మోళ్లు, దానంతట అదే మొలిచిన మొక్కలు ఉంచకు, వాటి మీదే బతికి తర్వాతి పంటకి దిగుతుంది. పక్క చేనువాళ్లతో మాట్లాడి విత్తడం అందరూ ఒకేసారి పెట్టుకోండి, ముందూ వెనకా విత్తితే పురుగుకి మేత తెగకుండా దొరుకుతుంది. వాళ్లు వినకపోతే ఆ వైపు గట్టు దగ్గర ఇంకో బుట్ట ఎక్కువ పెట్టి, అక్కణ్ణుంచే చూడటం మొదలుపెట్టు.

మీ పెదనాన్న