దూరం ఒక్కటే చూస్తే చాలదండీ

మీ మార్స్ డ్రోన్ సిమ్యులేషన్‌లో 400 మీటర్లకే డ్రోన్‌కీ రోవర్‌కీ (నేల మీద తిరిగే బండి) మధ్య లింక్ తెగిపోతోంది, రేడియో పవర్ పెంచాలా అని అడిగారు. ముందు మధ్యలో నేల ఎత్తుపల్లాలు చూడండి. మార్స్ మీద నాసా ఎగరేసిన ఇంజెన్యుటీ హెలికాప్టర్‌కి జరిగిందిదే. 1.8 కిలోల బుల్లి యంత్రం, భూమిదాకా అరిచే గొంతు దానికెక్కడిది? 914 మెగాహెర్ట్జ్ జిగ్‌బీ రేడియోతో (స్మార్ట్ బల్బుల్లో ఉండే జాతిదే) పర్సెవరెన్స్ రోవర్‌తోనే మాట్లాడేది. 2023 ఏప్రిల్ 26న 52వసారి ఎగిరి కిందికి దిగుతుంటే గుట్ట అడ్డొచ్చి సిగ్నల్ కట్! హెలికాప్టర్ మాత్రం నిక్షేపంగా ఉంది. రోవర్ ఆ గుట్టెక్కాకే, జూన్ 28న, మళ్లీ పలికింది. 63 రోజుల టెన్షన్. మీరూ పవర్ జోలికెళ్లకుండా రోవర్‌ని ఎత్తు మీదికి జరిపి రన్ చేయండి. దిగే చోటి నుంచి కూడా రోవర్ కనిపించాలి, గాల్లో ఉన్నప్పుడు కనిపిస్తే సరిపోదు.